సీటు వచ్చిన తరవాత

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టర్ని కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెప్పే టీచర్ని. బి.ఎస్‌సి., బి.ఎడ్. చదువు నాది. వైద్య విద్య గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, ఇంతమంది డాక్టర్లుండగా నేనెందుకండీ అన్నాను. "డాక్టర్లు మాట్లాడితే మాకు అర్థం కాదు మేడమ్, మీరైతే బోర్డు మీద లెక్క చేసినట్టు చెప్తారు" అన్నారు. బోర్డు లేదు గానీ లెక్క మాత్రం ఉంది. మధ్యలో చేద్దాం.

ప్రతి ఏడాది ఈ వేదిక మీద ఎం.బి.బి.ఎస్. సీటు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పుతున్నాం. మొదటి సంవత్సరం ఫీజు, పుస్తకాలు, తెల్లకోటు, స్టెతస్కోపు మనం ఇస్తున్నాం. మంచిదే. ఆ తరవాత నాలుగేళ్ళు ఆ పిల్లలు మనకు కనబడరు. మళ్ళీ పేరుకు ముందు డాక్టర్ అని తగిలించుకుని పెళ్ళి కార్డుతో వస్తారు. ఈ నాలుగేళ్ళ మధ్యలో, రెండో సంవత్సరంలోనో మూడో సంవత్సరంలోనో, ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. అది తెరుచుకున్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో కొందరు చేతిలో డబ్బు లేకనో, ఇంట్లో ఒప్పుకోకనో ఆగిపోతారు. ఈ రోజు ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

భారత వైద్య పరిశోధన మండలి అని ఢిల్లీలో ఉంది. కరోనా రోజుల్లో టీవీలో దాని పేరు ఐ.సి.ఎం.ఆర్. అని మనందరికీ నోటికొచ్చింది. నిజానికి అది చాలా పాతది. 1911లో బ్రిటిషువాళ్ళ కాలంలో వేరే పేరుతో మొదలై, 1949లో ఇప్పటి పేరు పెట్టుకుంది. హైదరాబాద్‌లో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ దాని కిందదే. ఈ మండలి 1979 నుంచి వైద్య విద్యార్థుల కోసం షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అని ఒక పథకం నడుపుతోంది. పిల్లలు ఎస్.టి.ఎస్. అంటారు. ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. చదివే పిల్లలు తమ కాలేజీలోనే ఒక అధ్యాపకుణ్ణి గైడ్‌గా పెట్టుకుని, రెండు నెలల పాటు ఒక చిన్న పరిశోధన సొంతంగా చేసి, నివేదిక రాసి పంపాలి. నివేదిక ఆమోదం పొందితే సర్టిఫికెట్, దానితో పాటు స్టైపెండ్. ఒకప్పుడు 20,000 రూపాయలుండేది, ఇటీవలి ప్రకటనల్లో 50,000 చేశారు. చాలామంది పిల్లలు వేసవి సెలవులు కలిసొచ్చేలా చూసుకుంటారు. దరఖాస్తు ప్రకటన మాత్రం ఏటా ఒకే తేదీకి రాదు. అందుకని మండలి వెబ్‌సైటు చూస్తూ ఉండాలి.

మీలో వ్యాపారస్తులున్నారు, వెంటనే అడుగుతారు: దీని వల్ల పి.జి. సీటు వస్తుందా మేడమ్? రాదు. పి.జి. సీటు ప్రవేశ పరీక్ష ర్యాంకుతోనే వస్తుంది. ఈ సర్టిఫికెట్ దానికి ఒక్క మార్కు కూడా కలపదు. మరి ఎందుకు అంత శ్రమ? పి.జి.లో చేరిన ప్రతివాళ్ళూ ఎలాగూ ఒక థీసిస్ రాయాలి. ఇరవయ్యేడేళ్ళు వచ్చాక, రాత్రీ పగలూ డ్యూటీల మధ్య, మొదటిసారి ఆ పని నేర్చుకునేవాళ్ళకీ, ఇరవయ్యేళ్ళకే ఒకసారి చేసి చూసినవాళ్ళకీ తేడా ఉంటుంది. విదేశాలకు వెళ్ళాలన్నా, ప్రజారోగ్యం వైపు పోవాలన్నా ఇది పనికొస్తుంది. కానీ నాకు ఇవేవీ అసలు కారణాలు కావు. అసలు కారణం ఒక అమ్మాయి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

ఆ అమ్మాయి మా స్కూల్లో చదివింది. పేరు చెప్పను, చెప్పొద్దంది. తండ్రికి పరుపులు కుట్టే దుకాణం ఉంది, దూది ఏకే వంశం వాళ్ళది. ప్రభుత్వ కాలేజీలో సీటు తెచ్చుకుంది. రెండో సంవత్సరంలో ఉండగా సెలవుల్లో నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఎస్.టి.ఎస్.కి పెడదామనుకుంటున్నాను, నా ప్రపోజల్ చూస్తారా" అంది. నాకు వైద్యం తెలియదమ్మా అన్నాను. "వైద్యం మా సార్ చూస్తారు. చదివితే అర్థమవుతోందో లేదో మీరు చెప్పండి" అంది. తెలివైన పిల్ల. టీచర్లను ఎలా పనిలో పెట్టాలో తెలుసు.

కాగితాలు చూశాను. ముందు ఆమె పెట్టిన అంశం మధుమేహం, దాని కారణాలు, నివారణ మార్గాలు. ఇది పరిశోధన కాదు, పాఠ్యపుస్తకంలో అధ్యాయం. వాళ్ళ గైడ్ కూడా అదే మాట అన్నాడట. నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదేమిటి అని అడిగాను. కాసేపు ఆగి చెప్పింది. వాళ్ళ నానమ్మకు షుగర్. రంజాన్ నెల వస్తే రోజాలు ఉంటుంది, ఎవరు చెప్పినా వినదు. పొద్దున వేసుకునే మాత్ర సహరీలో వేసుకోవాలా, ఇఫ్తార్‌లో వేసుకోవాలా, డోసు తగ్గించాలా, ఎవరినీ అడగదు. తనకు తోచినట్టు వేసుకుంటుంది. ఒక ఏడు అసర్ వేళకు చెమటలు పట్టి పడిపోయింది. నానమ్మ లాంటివాళ్ళు ఎంతమంది, వాళ్ళు ఎందుకు అడగరు, ఇదీ ఆ పిల్లకు తెలుసుకోవాలని ఉన్నది.

మరి ఇదే రాయవచ్చు కదా అన్నాను. "ఇది ఇంటి సంగతి కదా మేడమ్, దీన్ని కూడా రాస్తారా?" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఇది రాయదగిన ప్రశ్న అని ప్రపంచంలో పెద్ద డాక్టర్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. 2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో, షుగర్ ఉన్న 12,000 మందికి పైగా ముస్లింలను అడిగి ఒక అధ్యయనం చేశారు. రంజాన్ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలల కంటే బాగా పెరుగుతోందని అందులో తేలింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ. నెల మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్ని కలిసి మందుల వేళలు మార్చుకోవాలని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. అంత పెద్ద అధ్యయనం ఉండగా ఇరవయ్యేళ్ళ పిల్ల చేసేదేముంది అంటారేమో. ఆ అధ్యయనం మన ఊరి ఆస్పత్రి ఓపీలో క్యూలో నిలబడ్డ ఖాలాను అడగలేదు. ఆమె ఎందుకు అడగడం లేదో మన ఊళ్ళో ఎవరూ రాసి పెట్టలేదు.

సరే, ప్రశ్న దొరికింది. ఆ ఏడాది దరఖాస్తు పెట్టింది. ఎంపిక కాలేదు. పిల్ల ఏడ్చింది. వాళ్ళ నాన్న నాకు ఫోన్ చేసి, "ఇంకెందుకు మేడమ్ ఇవన్నీ, చదువు చదువుకుంటే చాలదా" అన్నాడు. మొదటిసారి రాని పిల్లలే ఎక్కువ భాయ్, మూడో సంవత్సరంలో మళ్ళీ పెట్టవచ్చు అని చెప్పాను. రెండోసారి మాత్రం ఇద్దరం కూర్చుని లెక్క చేశాం. కార్యదర్శి గారు అడిగిన లెక్క ఇదే, శ్రద్ధగా వినండి.

మొదటి దరఖాస్తులో ఆమె 400 మందిని అడుగుతానని రాసింది. 400 ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికో సూత్రం ఉంది. ఎంతమందిలో ఆ విషయం ఉంటుందో ముందు తెలియనప్పుడు సగం మందిలో ఉంటుందనుకోవాలి, అంటే 50 శాతం. మిగతా సగం 50. ఈ రెండింటినీ గుణించి, దాన్ని నాలుగుతో గుణిస్తే 10,000. దీన్ని, మనం ఎంత తేడాను సహించగలమో ఆ సంఖ్య వర్గంతో భాగించాలి. అయిదు శాతం తేడా చాలనుకుంటే అయిదు అయిదులు 25, పది వేలని 25తో భాగిస్తే 400. పది శాతం తేడా ఉన్నా పర్వాలేదనుకుంటే పది పదులు వంద, పది వేలని వందతో భాగిస్తే 100. తొమ్మిదో తరగతి పిల్లలు చేసే లెక్క. సహించే తేడా రెట్టింపైతే అడగవలసిన మనుషులు నాలుగో వంతుకు దిగుతారు.

ఇప్పుడు ఆస్పత్రి వైపు చూడండి. షుగర్ ఓపీ వారానికి మూడు రోజులు. రెండు నెలలంటే ఎనిమిది వారాలు, మొత్తం 24 రోజులు. ఒక్కొక్కరితో మాట్లాడటానికి, చదువు రానివాళ్ళకు కాగితం చదివి వినిపించడానికి కనీసం ఇరవై నిమిషాలు. 400 మందినైతే రోజుకు దాదాపు 17 మందిని కలవాలి. 17 ఇరవైలు 340 నిమిషాలు, ఆరు గంటలకు కొంచెం తక్కువ. ఓపీ ఉండేది మధ్యాహ్నం దాకానే. ఈ 400 జరిగే పని కాదని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. 100 మందినైతే రోజుకు నలుగురు, ఎప్పుడైనా అయిదుగురు. జరుగుతుంది. పైగా పిల్లకు మధ్యలో జ్వరం వచ్చినా జరుగుతుంది.

ఇంకో చిక్కు. మొదటి దరఖాస్తులో రంజాన్ నెలలో మందులెలా వేసుకుంటున్నారో చూస్తానని రాసింది. రెండు నెలల గడువులో రంజాన్ పడదు. రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, మండలి వాళ్ళ తేదీలు మన చంద్రుణ్ణి చూసి పెట్టరు. అందుకని ప్రశ్నను మార్చింది: షుగర్ ఉండి, పోయిన రంజాన్‌లో రోజాలు ఉన్నవాళ్ళలో ఎంతమంది నెల మొదలవక ముందు డాక్టర్నో నర్సునో మందుల గురించి అడిగారు? అడగనివాళ్ళు ఎందుకు అడగలేదు? పండగ అయిపోయి కొద్ది వారాలే కాబట్టి మనుషులకు జ్ఞాపకం ఉంటుంది. ఒక్క ప్రశ్న, వంద మంది, ఇరవైనాలుగు రోజులు. గైడ్ చదివి ఇప్పుడు బాగుంది అన్నాడట.

ప్రపోజల్ ఫారంలో ముందు పరిచయం రాయాలి, తరవాత లక్ష్యాలు, తరవాత ఏ పద్ధతిలో చేస్తారు, చివర దీని వల్ల ఏమి ప్రయోజనం. పిల్లలంతా పరిచయం దగ్గర తెగ రాస్తారు. ప్రపంచంలో ఇన్ని కోట్ల మందికి షుగర్ ఉందని మొదలుపెట్టి కొండలు ఎక్కుతారు. పద్ధతి దగ్గరికి వచ్చేసరికి నాలుగు లైన్లు. నా ఉద్దేశంలో తలకిందులుగా ఉండాలి. ఎవరిని అడుగుతావు, ఎక్కడ కూర్చుని అడుగుతావు, ఎవరిని అడగవు, ఏ ప్రశ్న ఏ భాషలో అడుగుతావు, కాగితం మీద ఏమి రాసుకుంటావు, దాన్ని ఎలా లెక్కపెడతావు. ఇది చదివితే ఆ పిల్ల ఆ ఓపీలో కూర్చున్నట్టు కళ్ళకు కట్టాలి. డబ్బులిస్తే ప్రపోజల్ మేమే రాసిపెడతాం అనేవాళ్ళు కూడా బయలుదేరారు. వాళ్ళ దగ్గరికి పోవద్దని ఇక్కడున్న పిల్లలకు చెబుతున్నాను. మీ నానమ్మ పడిపోయిన సంగతి వాళ్ళకు తెలియదు.

ఈ పథకంలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ప్రపోజల్‌లో గానీ నివేదికలో గానీ విద్యార్థి పేరు, గైడ్ పేరు, కాలేజీ పేరు ఎక్కడా కనబడకూడదు. కనబడితే తిరస్కరిస్తారు. చదివి మార్కులు వేసేవాళ్ళకు ఇది ఏ ఊరి పిల్ల రాసిందో, ఏ మతం పిల్ల రాసిందో, ఇంగ్లీషు మీడియం పిల్లో ఉర్దూ మీడియం పిల్లో తెలియదు. మన పిల్లలు నా దగ్గర అప్పుడప్పుడు ఒక మాట అంటారు, "మన పేరు చూసి ఇస్తారా మేడమ్?" అని. వాళ్ళ భయం ఉత్తిది అని నేననను, వాళ్ళు చూసింది వాళ్ళు చూశారు. కానీ ఇక్కడ పేరు లేదు. రాసిన దాన్ని బట్టే. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన తేడా నేను చూశాను.

ఎంపికైనా వెంటనే పని మొదలుపెట్టడానికి లేదు. మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా కాలేజీలోని ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అడగబోయే ప్రతి మనిషికీ ఇదేమిటో, ఎందుకో వాళ్ళ భాషలో చెప్పి, ఇష్టమైతేనే సంతకం తీసుకోవాలి. ఇష్టం లేదంటే వాళ్ళ వైద్యానికి ఏ లోటూ రాకూడదు. పిల్లలకు ఇది విసుగు పుట్టించే పని. నాకైతే మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం. ఎందుకో చెబుతాను.

సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. ఆ దోమలు ఎవరి రక్తం తాగాయో తెలుసా? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం. తనను కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా ఇచ్చారు. అతని గురించి ఇంతకు మించి ఎవరూ పెద్దగా రాయలేదు. పుస్తకాల్లో రాస్ ఉన్నాడు, దోమ ఉంది. హుసేన్ ఖాన్‌కు ఏమి చెప్పి ఒప్పించారో మనకు తెలియదు.

అది పాత కాలం అనుకుందామా? 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా మీద ఒక ప్రాజెక్టు నడిచింది. చాలామంది పిల్లలు హాస్టళ్ళలో ఉండేవాళ్ళు, పేద ఇళ్ళవాళ్ళు. అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఇప్పుడు చాలా దేశాల్లో ఇస్తున్నారు. కానీ అడగవలసినవాళ్ళను అడగలేదు. నేను టీచర్ని, హాస్టల్ పిల్లలు నా క్లాసులో కూర్చుంటారు. వాళ్ళ తరఫున నేను సంతకం పెట్టవచ్చా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. పెట్టకూడదు.

మన అమ్మాయి తన అంగీకార పత్రం తెలుగులో రాసింది, ఉర్దూలో రాయించింది. తరవాత ఆ ఉర్దూ వాళ్ళ నానమ్మకు చదివి వినిపిస్తే, "ఇది మౌల్వీ సాబ్ ఉర్దూ, మాకు అర్థం కాదు" అందట. మళ్ళీ మన ఇళ్ళలో మాట్లాడుకునే ఉర్దూలోకి మార్చింది. పెద్ద కాలేజీల పిల్లలకు, ఎంత తెలివైనవాళ్ళైనా, ఈ పని ఇంత సులువుగా రాదు. ఓపీలో కూర్చున్న ముసలామెను "నానీ" అని పిలిచి మాట్లాడగలగడం మన పిల్లలకున్న ఆస్తి. వాళ్ళు దాన్ని ఆస్తి అనుకోరు, దాచుకోవలసినదేదో అనుకుంటారు.

ఇన్నాళ్ళూ రక్తం ఇచ్చే వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. కాగితం పట్టుకుని అడిగే వైపు తక్కువమంది. నేను ఈ పథకం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే, స్టైపెండ్ కాదు.

ఇక స్టైపెండ్ సంగతికి వస్తాను, దాతలకు పని ఇక్కడుంది. 50,000 రూపాయలు ఇస్తారు నిజమే. ఎప్పుడు ఇస్తారు? పని అయిపోయి, నివేదిక పంపి, వాళ్ళు చదివి ఆమోదించాక. నివేదిక ఆమోదం కాకపోతే రాదు. ఉన్నవాళ్ళ పిల్లలకు ఇది సమస్య కాదు, నాన్న ఇస్తాడు, తరవాత చూసుకుంటారు. పరుపుల దుకాణం ఆయన పిల్లకు? సెలవుల్లో హాస్టల్‌లో ఉండాలి, మెస్సుకు కట్టాలి. రెండు నెలలకు ఓ ఏడు వేలు. నాలుగు పేజీల ఫారం వంద మందికి, అంటే 400 జిరాక్సులు, పేజీ రెండు రూపాయలు, ఎనిమిది వందలు. బస్సు ఛార్జీలు, ప్రింట్లు, ఇతర ఖర్చులు ఓ పదిహేను వందలు. మొత్తం కలిపి పది వేలు దాటదు. ఈ పది వేలు లేక ఆగిపోయిన పిల్లల్ని నేను ఎరుగుదును.

ఆ అమ్మాయి విషయంలో డబ్బు కంటే ముందు ఇంకోటి వచ్చింది. వాళ్ళ అమ్మీ ఒప్పుకోలేదు. అందరి పిల్లలూ సెలవులకు ఇంటికొస్తుంటే నా పిల్ల ఒక్కతే హాస్టల్‌లో ఎందుకుండాలి అంది. సంబంధం ఒకటి వచ్చింది, వాళ్ళు చూడటానికి వస్తామన్నారు అని కూడా అంది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. "ఆపా, రెండు నెలలే. చూడటానికి వచ్చేవాళ్ళను ఆదివారం రమ్మనండి, పిల్ల ఆదివారం ఇంటికొస్తుంది" అన్నాను. ఆమె నవ్వింది. నానమ్మ లోపలి నుంచి, "నా గురించి రాస్తుందంట కదా, వెళ్ళనియ్యండి" అంది. అప్పుడు ఒప్పుకున్నారు. మన సంస్థలో మహిళా విభాగం ఉంది. ఫీజు ఇవ్వడం కన్నా ఇలాంటి ఇళ్ళకు ఒకసారి వెళ్ళి కూర్చుని రావడం పెద్ద సాయం.

దాతృ సంస్థ చదువుకునేవాడికి ముందుగా డబ్బు చేతిలో పెట్టడం మన తెలుగు నేల మీద కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళాలనుకుంటే చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది, మామగారు మరికొంత ఇచ్చారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. అక్కడ కూడా ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ చదువుకున్నారు. తరవాత ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. మా స్కూల్లో వారానికోసారి పిల్లలకు పంచే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉండేది అదే. బోదకాలుకు ప్రభుత్వం ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం పనే. కాకినాడ సంస్థ వాళ్ళు డబ్బిచ్చేటప్పుడు ఏ మాత్ర వస్తుందని అడిగి ఉండరు. ప్రతి పిల్లా సుబ్బారావు అవుతుందని నేను మీకు హామీ ఇవ్వడం లేదు. చాలామంది అవరు. ఓపీలో ఒక మంచి ప్రశ్న అడగడం నేర్చుకుని మంచి డాక్టర్లు అవుతారు, అంతే.

నేను కోరేది మూడు పనులు. ఒకటి, ఎంపికైన పిల్లలకు ముందుగా పది వేలు ఇవ్వండి. దీన్ని దానంగా కాక ఖర్జె హసనాగా ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం. స్టైపెండ్ వచ్చాక తిరిగి ఇస్తారు, అదే డబ్బు వచ్చే ఏడాది ఇంకో పిల్లకు పోతుంది. తీసుకున్నవాళ్ళకూ తలెత్తుకునే ఉంటుంది. నివేదిక ఆమోదం కాకపోతే మాత్రం అడగవద్దు. రెండు, ఈ హాల్లో కనీసం ఆరుగురు డాక్టర్లున్నారు, నేను లెక్కపెట్టాను. సెలవు రోజున ఓ గంట, ఒక పిల్ల ప్రపోజల్ చదివి తప్పులు దిద్దండి. గైడ్ వాళ్ళ కాలేజీలోనే ఉండాలి, మీరు గైడ్ కానక్కరలేదు, చదివితే చాలు. మూడు, మనం జూన్‌లో ఇచ్చే స్కాలర్‌షిప్ ఫారంలో ఒక్క గడి పెంచండి: ఎస్.టి.ఎస్.కి దరఖాస్తు చేయాలనుకుంటున్నారా అని. ఆ గడి చూసైనా ఇదేమిటని పిల్లలు అడుగుతారు.

బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. చదివే పిల్లలు మాకేమీ లేదా అని అడుగుతారేమో. ఉంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. టీచర్లు కూడా పెట్టుకోవచ్చు. మా స్టాఫ్‌రూములో ఈ మాట చెబితే అందరూ సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు.

అమ్మాయి సంగతి మీకు పూర్తి చేయలేదు. రెండోసారి ఎంపికైంది. పని చేసింది, నివేదిక పంపింది, ఆమోదం వచ్చింది. ఎంతమంది అడిగారు, ఎంతమంది అడగలేదు అన్న అంకెలు ఆమెవి, ఆమె గైడ్‌తో కలిసి ఎప్పుడైనా అచ్చు వేసుకుంటుంది. ఒక్క మాట మాత్రం చెప్పమంది. ఎందుకు అడగలేదు అన్న ప్రశ్నకు ఒక ముసలామె, "అడిగితే రోజా వద్దంటాడని అడగలేదు బేటీ" అందట. అలాంటి జవాబే మళ్ళీ మళ్ళీ వచ్చిందట. అడిగితే వద్దంటాడన్న భయంతో వీళ్ళు అడగరు, వీళ్ళు రోజా ఉంటున్నారో లేదో డాక్టరూ అడగడు. ఇప్పుడు ఆ కాలేజీ ఆస్పత్రి షుగర్ ఓపీలో, రంజాన్‌కు ముందు వచ్చి మందుల వేళలు మార్చుకోండి, రోజా మానమని ఎవరూ బలవంతం చేయరు అని తెలుగు, ఉర్దూల్లో ఒక కాగితం అంటించారు. ఉర్దూ నానమ్మ సరిచేసిందే.

ఆ కాగితం నకళ్ళు తెచ్చాను, కార్యదర్శి గారి టేబుల్ మీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీ మసీదుకొకటి, మీ మందుల షాపుకొకటి తీసుకెళ్ళండి. రెండో సంవత్సరం చదివే పిల్లలు ఇద్దరు ఇక్కడే ఉన్నారు, మూడో వరుసలో. వాళ్ళ దగ్గర ప్రశ్నలున్నాయి, కాగితం మీద ఇంకా పెట్టలేదు. డాక్టర్లెవరైనా టీ తాగేటప్పుడు వాళ్ళతో మాట్లాడితే సంతోషిస్తాను.